బిగించిన పిడికిలి

సెస్నా 172 అనే చిన్న విమానంలో మూడు గంటలు ఎగిరి దిగేసరికి నా భుజాలు పట్టేసేవి. గాలి కుదుపుల వల్లేమో అనుకునేదాన్ని. కాదు, యోక్‌ను, అంటే విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటి పిడిని, అంత గట్టిగా పట్టుకుంటున్నాను! "చేతులు తీసెయ్యమ్మా, ముక్కు ఎటు పోతుందో చూడు" అన్నారు మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఒకరోజు. తీశాను. ముక్కు మెల్లగా పైకి లేచింది. చేత్తో పట్టుకోకుండానే ముక్కును కుదురుగా ఉంచే ట్రిమ్ చక్రాన్ని వేలితో రవ్వంత పైకి, అంటే ముక్కు దిగే వైపు తిప్పితే విమానం కుదురుగా నిలబడింది. ఇప్పుడు రెండు వేళ్లతోనే నడుపుతున్నాను. ఎత్తుకు చేరాక వేగం స్థిరపడనిచ్చి, ఆ తర్వాతే ట్రిమ్ సరిచేస్తాను. ఇక్కడ తొందరపడితే దారంతా విమానంతో కుస్తీనే.

ఎండెక్కితే నేల వేడెక్కి కుదుపులు మొదలవుతాయి కాబట్టి పొద్దున్నే బయలుదేరతాను. బాత్రూమ్ టెన్షన్‌తో నీళ్లు మానేయడం నాకస్సలు నచ్చదు. తలనొప్పితో ల్యాండింగ్ చేయాల్సి వస్తుంది. దానికంటే మధ్యలో ఒకచోట దిగేలా ప్లాన్ చేసుకోవడం మేలు.

చలేస్తే హీటర్ వేస్తాం కదా, ఆ గాలి వేడెక్కేది ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తిరిగే. అక్కడ చిన్న పగులున్నా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి రావచ్చు, దానికి వాసన ఉండదు. అందుకే హీటర్ మీట లాగే ముందు, ఎదురుగా ఉన్న డిటెక్టర్ పనిచేస్తోందో లేదో చూస్తాను.