టొలేడోలో పాత దావాలు

గైడుతో బస్సు టూరంటే మా అల్లుడికి గిట్టదు. "మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంట మామయ్యగారూ. హాయిగా వెళ్లి నచ్చినంతసేపు తిరిగి రండి. బస్సువాళ్లు మిమ్మల్ని ఒక్కచోట కుదురుగా నిలబడనివ్వరు" అన్నాడు. మాట నిజమే. కానీ టొలేడో కొండమీది ఊరు, మా ఆవిడవి అరిగిన మోకాళ్లు. మ్యాపు పట్టుకుని దారి తప్పి, ఎక్కినదే మళ్లీ ఎక్కడం తన వల్ల కాదంది. దాంతో అమ్మాయి బస్సు టూరే బుక్ చేసింది. పొద్దున మాడ్రిడ్‌లో ఎక్కి సాయంత్రం మాడ్రిడ్‌లోనే దిగడం.

నాకైతే గైడు ఉండటమే కావాలి. సివిల్ కోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఎవరైనా గడగడా కథ చెబుతుంటే వినడం ఇష్టం. అందులో ఏ కాగితం బయటికి తియ్యకుండా దాటేశారో వెతకడం ఇంకా ఇష్టం.

మా గైడు యాభై దాటిన స్పానిష్ ఆవిడ. మెడలో వేసుకోవడానికి తలా ఒక రిసీవరు, చెవిలోకి ఇయర్‌ఫోను ఇచ్చింది. ప్రతి ముక్కా ముందు స్పానిష్‌లో, తర్వాత ఇంగ్లీషులో. రెండు భాషల టూరు బోరని చాలామంది అంటారు గానీ, స్పానిష్ నడుస్తున్నంతసేపూ నాకు చుట్టూ చూసుకునే తీరిక దొరికింది.

దారి 70 కిలోమీటర్లు, గంట ప్రయాణం. చూడటానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఆవిడ బస్సులోనే చరిత్ర మొదలుపెట్టింది. విసిగోత్ అనే జర్మానిక్ తెగ రాజుల రాజధాని, తర్వాత అరబ్బుల పాలన, 1085లో క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సో చేతికి. 1561లో రెండో ఫిలిప్ దర్బారుని మాడ్రిడ్‌కి మార్చేశాడు. కొలువుతో పాటే డబ్బూ మనుషులూ వెళ్లిపోయారు. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఊరికి లేకపోయింది, అందుకే మధ్యయుగం నాటి వీధులు అలాగే మిగిలాయి. 1986లో యునెస్కో జాబితాకెక్కింది. ఇదంతా చెబుతూ, "క్రైస్తవులు, ముస్లింలు, యూదులు కలిసిమెలిసి బతికిన మూడు సంస్కృతుల నగరం" అన్న మాట దిగేలోపు నాలుగైదుసార్లు వాడింది. ఆ మాట దగ్గర నాకు చెవి నిక్కింది. నా అనుభవంలో కలిసిమెలిసి ఉన్నామని పదేపదే రాసుకునేది పంపకాల దావాల్లోనే.

మొదటి హాల్టు నది అవతలి కొండమీద, మిరాదోర్ దెల్ వాయె అనే చోట. అందరూ ఫొటో తీసుకునే చోటది. తాహో నది ఊరిని మూడువైపులా చుట్టుకుని లోతుగా పారుతోంది. ఒకపక్క నాలుగు బురుజుల అల్కాసర్ కోట, మధ్యలో కెథడ్రల్ గోపురం, మిగతాదంతా ఒకే మట్టిరంగు. కోట 1936లో, అంతర్యుద్ధం నాటి ముట్టడిలో కూలిపోతే మళ్లీ కట్టారట. నది తిరిగిన తీరు చూస్తే ఈ ఊరిని పట్టుకోవడానికి యుద్ధం కంటే ఒప్పందమే మేలని ఎవరికైనా తోస్తుంది. అల్ఫోన్సో కూడా ముట్టడి వేసి, చివరికి షరతుల మీదే లోపలికి వచ్చాడు. పావుగంట ఇచ్చారు, సరిపోయింది.

తర్వాతి హాల్టుకి మాత్రం అంత టైము ఎందుకో అర్థం కాలేదు. డమాస్కీన్ పని చేసే దుకాణం. ఒకాయన బల్ల దగ్గర కూర్చుని ఉక్కు పలకమీద సన్నని గీతలు గీసి, జుట్టంత బంగారు తీగని వాటిమీద పరిచి సుత్తితో కొట్టి కూర్చుతున్నాడు. ఆ తర్వాత రసాయనంలో మరిగిస్తే ఉక్కు నల్లబడి బంగారం మెరుస్తుంది. బిదరీ పని చూసినవాళ్లకి వెంటనే అది గుర్తొస్తుంది, కాకపోతే అక్కడ జింకు లోహం, వెండి తీగ. ఆయన చేతిపని ఎంతసేపైనా చూడొచ్చు. కానీ చూడనిచ్చింది ఐదు నిమిషాలే. మిగిలిన సమయమంతా గాజు కౌంటర్లు, కత్తులు, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు. మా ఆవిడ చెవిపోగులు తీసుకుంది. చేత్తో చేసినదీ, మిషను మీద చేసినదీ పక్కపక్కనే ఉంటాయి, ధరలో చాలా తేడా. అడిగితేనే చెప్పారు, అడగండి.

బస్సు పాత ఊళ్లోకి వెళ్లదు. గోడ కింద దించేస్తే అక్కడినుంచి కొండ లోపలికి తొలిచి పెట్టిన ఎస్కలేటర్లు పైకి తీసుకెళతాయి. 2000లో కట్టారట. మా ఆవిడకి ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే నచ్చింది అవే. నేను కెథడ్రల్ గురించి అడిగినా ఎస్కలేటర్ల గురించే చెబుతుంది.

కెథడ్రల్‌కి 1226లో పునాది వేశారు, 1493కి పూర్తయింది. లోపల వెనకవైపు కప్పునే కోసి కన్నం పెట్టి, వెలుగు సూటిగా పాలరాతి శిల్పాల మీద పడేలా నార్సీసో తోమే చేసిన ఏర్పాటు ఉంది. 1732లో పూర్తయిన ఆ పనిని ట్రాన్స్‌పరెంతె అంటారు. అందరూ అక్కడే తలెత్తి నిలబడ్డారు. పైనుంచి అక్కడక్కడా ఎర్రటి టోపీలు వేలాడుతున్నాయి. కార్డినల్ హోదా ఉన్న మతాధికారి చనిపోతే ఆయన సమాధి పైన ఆయన టోపీని కట్టేసేవారు, అది చివికి రాలిపోయేదాకా తియ్యరు.

నన్ను ఆపింది వేరే బొమ్మ. ప్రధాన పీఠం దగ్గర స్తంభం మీద, బిషప్పులూ సెయింట్ల మధ్య ఒక ముస్లిం పండితుడి విగ్రహం ఉంది. గైడు ఆ కథ చక్కగా చెప్పింది. 1085 ఒప్పందంలో పెద్ద మసీదు ముస్లింలకే ఉంటుందని రాజు మాట ఇచ్చాడు. రాజు ఊళ్లో లేనప్పుడు రాణి కోన్స్తాన్సా, ఆర్చిబిషప్ బెర్నార్డ్ కలిసి మసీదుని స్వాధీనం చేసుకున్నారు. రాజు మండిపడి ఇద్దర్నీ శిక్షిస్తానని బయల్దేరితే, అబూ వలీద్ అనే ఆ పండితుడే ఎదురెళ్లి క్షమించమని బతిమాలాడట. ఆ కృతజ్ఞతతో విగ్రహం పెట్టారు. మసీదు మాత్రం తిరిగి ఇవ్వలేదు. మేం నిలబడ్డ కెథడ్రల్ ఆ స్థలంలోదే. ఈ కథ పరమత సహనానికి ఉదాహరణ అని ఆవిడ ముగించింది. బాధితుడు రాజీకి వచ్చాడు, ఆస్తి మాత్రం అవతలివాళ్లకే ఉండిపోయింది. మా ఆఫీసులో ఇలాంటి ఫైలు మీద "పరిష్కారమైంది" అని రాసి బీరువాలో పెట్టేవాళ్లం.

పూజారుల వస్త్రాలూ సామగ్రీ ఉంచే సాక్రిస్టీ గదిలో ఎల్ గ్రేకో అనే చిత్రకారుడు వేసిన 'ఎల్ ఎస్పోలియో' ఉంది. క్రీట్ ద్వీపంలో పుట్టిన ఆయన 1577లో ఈ ఊరికి వచ్చాడు, ఇక్కడ వచ్చిన మొదటి పనుల్లో ఇదొకటి. ఏసు బట్టలు ఊడదీసే ముందు క్షణం. ఎర్రటి వస్త్రం గది మొత్తానికీ కనిపిస్తుంది. గుంపులోవాళ్ల తలలు ఏసు తలకంటే పైకి ఉన్నాయని చర్చివాళ్లు అభ్యంతరం చెప్పి, దాన్ని చూపించి ధర తగ్గించారు. చిత్రకారుడి తరఫు మదింపుదారులు 900 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) అన్నారు, చివరికి చేతికొచ్చింది 350. తలలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

అక్కడినుంచి సాంతో తోమే చర్చికి నడిచాం. చిన్న చర్చి, లోపలికెళ్లగానే ఒకే ఒక్క బొమ్మ, 'ఓర్గాస్ ప్రభువు ఖననం'. ఎత్తు పదిహేను అడుగులకు పైనే. నేను ఈ టూరుకి వచ్చినందుకు నాకు దక్కినది ఇదే అనుకోండి.

గొన్సాలో రూయిస్ అనే ఓర్గాస్ ప్రభువు 1323లో చనిపోయాడు. దానధర్మాలు చేసినవాడు కాబట్టి సెయింట్ స్టీఫెన్, సెయింట్ అగస్టిన్ స్వయంగా దిగొచ్చి ఆయన శవాన్ని సమాధిలో దించారని నమ్మకం. ఆయన వీలునామాలో, ఓర్గాస్ గ్రామం ఏటా ఈ చర్చికి రెండు పొట్టేళ్లు, పదహారు కోళ్లు, రెండు తిత్తుల వైను, రెండు మోపుల కట్టెలు, 800 మరవేదీల నాణేలు ఇవ్వాలని రాశాడు. గ్రామం రెండు వందల ఏళ్లకు పైగా ఇచ్చింది. 1564లో ఇక ఇవ్వమంది. చర్చి పూజారి ఆంద్రేస్ నూన్యెస్ వయ్యదోలిద్‌లోని పైకోర్టుకెళ్లి బకాయిల దావా గెలిచాడు. గెలిచి ఊరుకోలేదు. సమాధి పైన గోడమీద లాటిన్‌లో కథంతా చెక్కించి, 1586లో ఎల్ గ్రేకోతో బొమ్మకి ఒప్పందం రాయించాడు.

ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి చూసే ఈ చిత్రం వెనక ఉన్నది కోళ్ల బకాయి! నాకు నవ్వాగలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఇంకా ఉంది. బొమ్మ పూర్తయ్యాక విలువ 1200 డకట్లని తేల్చారు. పూజారి ఎక్కువని రెండో మదింపు అడిగాడు. రెండోవాళ్లు వచ్చి 1600 అన్నారు! చివరికి ఆర్చిబిషప్ సభ మొదటి 1200కే ఖాయం చేసింది. అప్పీలుకెళ్లి ఉన్నది కూడా పోగొట్టుకోబోయిన ప్రతివాదుల మొహాలు నాకు వరసగా గుర్తొచ్చాయి.

"ఏవండీ, ఆ పిల్లాడు మనవైపే చూస్తున్నాడు" అంది మా ఆవిడ. కింద ఎడమ మూలన దివిటీ పట్టుకున్న కుర్రాడు. అతను చిత్రకారుడి కొడుకు హోర్హే మాన్యుయెల్. జేబులోంచి కనబడే రుమాలు మీద తండ్రి సంతకం, 1578 అన్న సంవత్సరం ఉన్నాయి. అది పిల్లాడు పుట్టిన ఏడు. శవం చుట్టూ నిలబడ్డవాళ్లంతా 1323 నాటివాళ్లు కాదు, బొమ్మ వేసినప్పటి టొలేడో పెద్దమనుషులు. నల్లకోట్లు, తెల్లటి కాలర్లు, ఎవరి మొహం వాళ్లది. పైన స్వర్గంలో అంతా మెలికలు తిరుగుతున్న మబ్బులు, సాగిన శరీరాలు. నాకు కింది సగమే నచ్చింది.

యూదుల పేటలోకి దిగుతుంటే ఎల్ త్రాన్సితో అనే సినగాగ్‌ని, అంటే యూదుల ప్రార్థనా మందిరాన్ని, గైడు బయటినుంచే చూపించి నడిచేసింది. టికెట్టు మా టూరులో లేదు. మొదటి పెద్రో రాజు కోశాధికారి సామ్యుయెల్ హలేవి కట్టించినది. 1360లో అదే రాజు ఆయన్ని పట్టించి, ఆస్తి జప్తు చేసి, చిత్రహింస పెట్టి చంపించాడు. దుకాణంలో పోయిన టైములో ఇది చూపించొచ్చు కదా అని నేను పైకే అన్నాను.

సాంతా మారియా లా బ్లాంకాలోకి మాత్రం తీసుకెళ్లింది. తెల్లటి స్తంభాలు, గుర్రపు లాడం ఆకారంలో కమానులు, స్తంభాల తలలమీద పైన్ కాయల చెక్కడాలు. క్రైస్తవ రాజుల కాలంలో, అరబ్బు పద్ధతి పనితనంతో, యూదుల కోసం కట్టినది. పేరేమో మేరీమాతది. మూడు సంస్కృతులూ ఒకే గదిలో ఉన్నాయంది గైడు, ఆ మాట ఇక్కడ అక్షరాలా నిజం. 1391లో ఊళ్లో యూదుల మీద దాడులు జరిగాయి. పదిహేనో శతాబ్దం మొదట్లో దీన్ని చర్చి చేశారు. ఇప్పటికీ కేథలిక్ చర్చిదే, టికెట్టు డబ్బూ వాళ్లకే. 1492 మార్చి 31న రాజాజ్ఞ వచ్చింది. మతం మారని యూదులంతా జూలై ఆఖరుకల్లా దేశం విడిచిపోవాలి. ఆస్తులు అమ్ముకోవచ్చు, కానీ బంగారం, వెండి, నాణేలు దేశం దాటించకూడదు. ఆ ఆర్డరు రాసినవాడికి కాగితం పని బాగా తెలుసు. హక్కు ఇచ్చినట్టే రాసి, దాన్ని వాడుకోలేకుండా చేశాడు.

ఇంగ్లీషు ముక్క అయ్యాక ఆవిణ్ణి అడిగాను: "మేడం, మరి కలిసిమెలిసి అని ఎందుకంటారు?" మైకు ఆపేసింది. కలిసి బతికింది నిజమే, గొడవలు లేకుండా అని తానెప్పుడూ అనలేదంది. "పూర్తిగా చెప్పాలంటే బస్సు రేపు బయల్దేరాలి" అని నవ్వింది. నాకా జవాబు నచ్చింది. ఆ తర్వాత దారంతా నా పక్కనే నడిచి, మైకులో చెప్పనివి చాలా చెప్పింది.

సాన్ హువాన్ దె లోస్ రేయెస్ మఠం బయటి గోడకి ఇనప గొలుసులు వేలాడతాయి. స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం గ్రనాడా మీద జరిగిన యుద్ధంలో విడిపించిన క్రైస్తవ బందీల సంకెళ్లవి. ఆ యుద్ధం గెలిచిన రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండ్ తమ సమాధుల కోసం ఈ మఠం కట్టించుకుని, గ్రనాడా చేతికొచ్చాక అక్కడే ఉండాలని మనసు మార్చుకున్నారు. తర్వాత సాన్ మార్తిన్ వంతెన మీదుగా దిగి బస్సెక్కాం. ఇద్దరు అమెరికన్లు రాక మరో ఇరవై నిమిషాలు ఆగాం. ఆ ఇరవై నిమిషాలూ మా ఆవిడకి బాగా పనికొచ్చాయి.

వెళ్లేవాళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు. బుక్ చేసేముందు ఏ కట్టడం లోపలికి టికెట్టు ఉందో, దేన్ని బయటినుంచి చూపిస్తారో చదవండి, "సందర్శన" అన్న మాటని నమ్మకండి. కెథడ్రల్ టికెట్టు విడిగా ఉంటుంది, దానికి సమయం ఎక్కువ కావాలి. సాంతో తోమే, సాంతా మారియా లా బ్లాంకా, సాన్ హువాన్ లాంటివి కలిపి చేతికి కట్టే బ్యాండు టికెట్టు ఒకటి అమ్ముతారు. ఎల్ త్రాన్సితో చూడాలంటే సోమవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు. రాళ్ల వీధులు బాగా నున్నగా ఉంటాయి, మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. మా అల్లుడు చెప్పినట్టు రైల్లోనే వెళ్లాలనుకుంటే ముందే టికెట్టు తీసుకోండి, శని ఆదివారాల్లో దొరకడం కష్టమట.