పొద్దుతిరుగుడు గింజలు, ఒక అర డిగ్రీ

నాకు కుట్టు వచ్చు, లెక్కలు అంతంతమాత్రం. పొద్దుతిరుగుడు పువ్వు నడిమి చక్రాన్ని, అంటే గింజలుండే భాగాన్ని, గుడ్డ మీద ఫ్రెంచ్ నాట్లతో (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడులతో) కుడదామని కూర్చున్నాను. రెండు సాయంత్రాల పని అనుకున్నా. సూదిలో దారం ఎక్కించడానికే మూడు వారాలు పట్టింది.

మొదట వలయాలు గీసి వాటి మీద 6, 12, 18 చొప్పున చుక్కలు పెట్టాను. పువ్వులా లేదు, బాణాలు వేసే గురి బోర్డులా ఉంది. సరే, పువ్వులో కనిపించే సుడులనే గీసేద్దామనుకున్నా. కుడివైపు తిరిగేవి బాగానే కుదిరాయి. వాటి మీదుగా ఎడమవైపు సుడులు వేయబోతే ఒక్క చుక్కా ఉండాల్సిన చోట ఉండదు. చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది.

ఇక ఒక ఎండిన పువ్వు ముందు పెట్టుకుని, సుడికొక గుండుసూది గుచ్చుతూ లెక్కపెట్టాను. ఒకవైపు 34, రెండోవైపు 55. నమ్మకం కలగక మళ్ళీ లెక్కపెట్టాను, అంతే వచ్చింది. పైన్ కాయలో 8, 13 వచ్చాయి. అన్నీ ఫిబొనాచీ వరుసలోవే: పక్కపక్క రెండు సంఖ్యలు కలిపితే తర్వాతది వస్తుంది. అలాగని ప్రతి పువ్వూ ఈ మాట వింటుందనుకోకండి. బ్రిటన్‌లో జనం పెంచిన ఆరు వందలకు పైగా పువ్వుల్ని లెక్కించి 2016లో ఫలితాలు ప్రచురించారు. చాలావాటిలో ఈ సంఖ్యలే ఉన్నా, కొన్ని మాత్రం వేరే దారి పట్టాయి.

నా తప్పు అక్కడే తెలిసింది. పువ్వు సుడుల్ని గీయదు. ఒక్కో మొగ్గ ముందుదానికి ఇంత కోణంలో పుడుతుంది, అంతే. సుడులు మన కంటికి కనిపించేవి. ఆ కోణం సుమారు 137.5 డిగ్రీలు. ఫ్రాన్స్‌కు చెందిన బ్రావే సోదరులు 1837లోనే దీని గురించి రాశారు. దాన్ని చుక్కల బొమ్మగా మార్చే తేలిక సూత్రాన్ని 1979లో హెల్ముట్ వోగెల్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు: ప్రతి చుక్కకూ 137.5 డిగ్రీలు తిరగాలి, కేంద్రం నుంచి దూరం మాత్రం చుక్క సంఖ్య వర్గమూలాన్ని బట్టి పెరగాలి.

వర్గమూలం ఎందుకులే అని చుక్కకింత చొప్పున దూరం సమానంగా పెంచాను. నడుమ చీమల పుట్ట, అంచున ఎడారి! బయటికి పోయేకొద్దీ చోటు విశాలమవుతుంది కాబట్టి అడుగు చిన్నదవ్వాలి. వర్గమూలాన్ని 3 మిల్లీమీటర్లతో గుణిస్తే నా గుడ్డకి సరిపోయింది. 100వ చుక్క 30 మిల్లీమీటర్ల దగ్గర, 200వది 42 దాటి.

ఇంకో తిప్పలు కోణమానినితో. దాని మీద అర డిగ్రీ గీతల్లేవు. అర డిగ్రీకి ఏమవుతుందిలే అని 137తో కానిచ్చేశాను. వంద చుక్కల దాకా ఏమీ తెలియలేదు. తర్వాత చూస్తే ఎడమ కుడి సుడులు పోయి, 21 చేతులు ఒకే వైపుకి వంగి, వాటి మధ్య ఖాళీలు. నాకు ఒళ్ళు మండింది గానీ, కుతూహలం కూడా పుట్టింది. 135 పెట్టి చూశాను: బండి చక్రం ఆకుల్లా ఎనిమిది తిన్నని వరుసలు, ఎందుకంటే 135 ఎనిమిదిసార్లు తిరిగితే సరిగ్గా మూడు చుట్లు. 120కి మూడే వరుసలు. పూర్తి చుట్టులో 1/3, 3/8 లాంటి చిన్న భిన్నాలకు అంత తేలిగ్గా చిక్కకుండా ఉండే కోణమైతేనే గింజలు ఒకదాని నీడలో ఒకటి పడకుండా సర్దుకుంటాయి.

ఈసారి కాగితం మీద కోణాల పట్టిక వేసుకున్నాను: 0, 137.5, 275, తర్వాత 412.5లో 360 తీసేస్తే 52.5. అలా కూడుకుంటూ పోతే 145వ వరుసలో మళ్ళీ 0 వచ్చింది. ఎక్కడో తప్పుగా కూడానని మొత్తం మొదటి నుంచి చూశాను. ఒక సాయంత్రం అలా పోయింది. తప్పేమీ లేదు! 137.5ని 144తో గుణిస్తే 19,800, అంటే కచ్చితంగా 55 చుట్లు. 55, 144 రెండూ ఫిబొనాచీ సంఖ్యలే. అసలు కోణం 137.508 దాకా ఉంటుంది కాబట్టి పువ్వులో 145వ గింజ మొదటిదాని గీత నుంచి ఒక డిగ్రీకి పైచిలుకు పక్కకి జరగాలి. నా గుడ్డ మీద అది ఒక మిల్లీమీటరు కూడా లేదు. దారం ముడి దానికంటే లావు. వదిలేశాను.

దీనివల్ల ఒక లాభం కూడా కలిగింది. కోణాలన్నీ 2.5 డిగ్రీల గుణిజాలే కనుక, ముందే 144 గీతలు గీసుకుంటే చాలు. మొదటి 144 చుక్కల్లో గీతకి ఒకటే పడుతుంది.

200 చుక్కలు గుడ్డ మీదకి ఎక్కించి, మూడు పోగుల దారంతో, సూదికి రెండు చుట్లేసి ముడులు వేశాను. నేను కేంద్రం నుంచి బయటికి కుట్టాను. పువ్వులో మాత్రం గింజలుగా మారే చిట్టి పూలు అంచు నుంచి లోపలికి విచ్చుకుంటాయి, కాబట్టి నా మొదటి ముడి పువ్వులో ఆఖరిది. సగం దాటాక సుడులు వాటంతటవే తేలాయి. అంచున గుండుసూదులతో లెక్కపెడితే 21, 34. 145వ ముడిని మాత్రం ఎర్ర దారంతో కుట్టాను. అదెందుకు ఎర్రగా ఉందని చూసినవాళ్ళు అడుగుతున్నారు, నేను కాగితం తీసి 137.5 నుంచి మొదలుపెడుతున్నాను.