కొమ్ము చల్లారేదాకా

ఆరు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆ తర్వాత తెల్లారేదాకా ఫ్యాన్ చూస్తూ పడుకోవడమే. విశాఖలో ఒక ప్రైవేటు బ్యాంకు లోన్ల సెక్షన్‌లో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. నెలాఖరు వచ్చిందంటే వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండు దాటాక కూడా ఇవాళ ఎన్ని ఫైళ్ళు అయ్యాయని అడుగుతూనే ఉంటారు, నేను జవాబిస్తూనే ఉంటాను. డిసెంబరులో అలాంటి ఒక రాత్రి నిద్రమత్తులో ఒక ఖాతా నంబరు తప్పు కొట్టాను, ఒక పెద్దాయన పెన్షన్ డబ్బులోంచి ఆయనది కాని వాయిదా పోయింది. మూడు రోజుల్లో డబ్బు వెనక్కి వేశాం. ఆయన కోప్పడలేదు, "పర్లేదమ్మా, మీకూ పని ఎక్కువే కదా" అన్నారు. కోప్పడి ఉంటే అంత బాధపడేదాన్ని కాదేమో, ఆ మాటకే ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకు చేస్తున్నానీ పని అని ఆ రోజు మొదటిసారి గట్టిగా అనిపించింది.

అయిదు రోజులు సెలవు పెట్టి, ఒడిశాలో మన సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ, పెదనాన్న ఉంటారు. చిన్నప్పుడు వేసవి సెలవలకి వెళ్ళేవాళ్ళం, ఆ తర్వాత పెళ్ళిళ్ళకి తప్ప వెళ్ళింది లేదు.

విశాఖ నుంచి గుణుపురం పాసింజరు పొద్దున్నే ఉంటుంది. నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పు మడులు కనిపించాయి, ఎండ పూర్తిగా ఎక్కకముందే మనుషులు మడుల్లో దిగి ఉప్పు గట్టుకి లాగుతున్నారు, తెల్లటి కుప్పలు దూరందాకా వరసగా ఉన్నాయి. అక్కణ్ణుంచి లైను టెక్కలి, పాతపట్నం మీదుగా లోపలికి తిరుగుతుంది. ఈ లైను పర్లాకిమిడి రాజావారు తమ ఊరికి వేయించుకున్నది, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై 1931కి గుణుపురం చేరింది. నా చిన్నప్పుడు అది బుల్లి పట్టాల బండి, మలుపుల దగ్గర ఎంత నెమ్మదిగా పోయేదంటే కుర్రాళ్ళు దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఇప్పుడది పెద్ద లైను అయిపోయింది. పాతపట్నంలో స్టేషన్ బోర్డు మీద తెలుగు ఉంటుంది, ఆ తర్వాత స్టేషన్‌కి ఒడియా వస్తుంది, ప్లాట్‌ఫారం మీద మనుషుల మాట మాత్రం ఏమీ మారదు.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను చూసి బ్యాగు లాక్కుని, "ఏటే, అలగ ఐపోనావు? కళ్ళ కింద ఆ నలుపేటి?" అంది. నేనేదో చెప్పబోతుంటే, "తర్వాత చెప్దువుగాని, ముందు తినీసి పడుకో" అంది. ఒడియావాళ్ళ కూరగాయల పప్పు దాల్మా, అందులో గుమ్మడికాయ ముక్కలు, అరటికాయ, పైన మన ఇంగువ పోపు, పక్కన గోంగూర పచ్చడి. సగం ఒడియా, సగం శ్రీకాకుళం వంట అది. తిని పడుకుంటే సాయంత్రం అయిదింటికి లేచాను. పగటి నిద్రే, అయినా ఆరు నెలల్లో అంతసేపు పడుకున్నది అదే.

లేచేసరికి అరుగు మీద పెదనాన్న ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని గుణింతాలు రాయిస్తున్నారు. ఆయన తెలుగు మేస్టారుగా రిటైరై పదకొండేళ్ళయింది. బళ్ళో పిల్లలకి ఒడియా, ఇంగ్లీషు ఉంటాయి, ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడేది తెలుగు, రాయడం మాత్రం రాదు. అలాంటివాళ్ళకి రోజూ అయిదు నుంచి ఆరున్నరదాకా అరుగు మీద పాఠం, డబ్బులేం లేవు. ఎంతమంది వస్తారని అడిగితే ఒకప్పుడు పన్నెండు మంది వచ్చేవారన్నారు. "కిందటేడు ఒక నెలంతా ఎవరూ రాలేదమ్మా" అని కూడా చెప్పారు. మరి ఆ నెల ఏం చేశారంటే, "ఏముంది, పలకలు తుడిచి పెట్టుకుని కూర్చున్నాను, వచ్చే పిల్లకి నేను ఉన్నానని తెలియాలి కదా" అన్నారు.

ఆ రాత్రి నాకు ఆ మాటే తిరిగింది. ఎవరూ రాని నెలలో రోజూ గంటన్నర కూర్చోవడం నావల్ల అవుతుందా? నాకు లెక్క కనబడకపోతే పని జరిగినట్టే ఉండదు, పద్నాలుగేళ్ళుగా అలా అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున్న పెదనాన్నతో మహేంద్రతనయ వైపు నడకకి వెళ్ళాను. మహేంద్రగిరి మీంచి దిగి వంశధారలో కలిసే చిన్న ఏరు అది, ఫిబ్రవరిలో నీళ్ళు పాయలు పాయలుగా ఉంటాయి. నడుస్తూ ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి చెప్పారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజుకేనని మనందరికీ తెలుసు, వాడుక భాష కోసం పోరాడారని కూడా తెలుసు. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది ఈ ఊళ్ళోనే అన్న సంగతి నేను పట్టించుకోలేదు. 1880లో పదిహేడేళ్ళ వయసులో ముప్ఫై రూపాయల జీతానికి ఇక్కడి రాజావారి బళ్ళో మేస్టారుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల భాషకి పుస్తకాల్లేవు, వాళ్ళ పిల్లలకి బడి లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. అడవుల్లో తిరిగి తిరిగి చలిజ్వరం పట్టుకుంటే క్వినైన్ వాడారు, దాంతో చెవుడు వచ్చింది, అది జీవితాంతం పోలేదు. మాటని చెవితో విని విని రాసుకునే మనిషికి చెవులే పోవడం ఎంత కష్టమో! అయినా ఆపలేదు. ఆయన చేసిన సవర వ్యాకరణం, నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది 1930లలో, అంటే పని మొదలుపెట్టిన ఎన్నో దశాబ్దాలకి.

"వాడుక భాష ఉద్యమంలోకి దిగేసరికి ఆయన వయసెంతో తెలుసా?" అని పెదనాన్న అడిగారు. 1907లో యేట్స్ అనే దొర ఈ జిల్లాలకి బళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, మీరు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఒకటి ఎందుకుందని అడిగాడట, అక్కడి నుంచి మొదలు. అప్పటికి గిడుగు వారికి నలభై నాలుగు. నాకు ఇప్పుడు ముప్ఫై తొమ్మిది. నేనేమీ అనలేదు, ఆయనా ఇంకేమీ అనలేదు, ఏట్లో కాళ్ళు కడుక్కుని వచ్చేశాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు గిడుగు వారు యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారట. వాళ్ళ తాతగారు చెప్పింది చెబుతూ పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు.

మూడో రోజు అదే జిల్లాలో ఉన్న చంద్రగిరి వెళ్ళాను. ఆర్. ఉదయగిరి మీదుగా కొండల్లో బస్సు, దారంతా జీడిమామిడి తోటలు, మలుపులు. అక్కడ 1963 నుంచి టిబెటన్ల ఊళ్ళున్నాయి. జిరాంగ్‌లో పెద్ద బౌద్ధాలయం ఉంది, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. ఆలయం చాలా అందంగా ఉంది, లోపల కాసేపు కూర్చుంటే ప్రశాంతంగానే అనిపించింది, కానీ నాకు బాగా గుర్తుండిపోయింది బయట చెట్టు కింద మొక్కజొన్న ఒలుస్తున్న ఒక టిబెటన్ అవ్వ. నేను తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే విని, "వైజాగా?" అంది. చలికాలంలో విశాఖలో స్వెటర్లు అమ్ముతుందట, ఆ మూడు నెలలూ అక్కడే అద్దె గదిలో ఉంటుంది, తర్వాత ఇక్కడికొచ్చి మొక్కజొన్న పని చూసుకుంటుంది. "అక్కడ మూడు నెలలు గోల గోల. ఇక్కడ మక్క" అని నవ్వింది. ఎన్నో చలికాలాలు ఆ స్వెటర్ల కొట్ల ముందునుంచి స్కూటీ మీద వెళ్ళాను, వీళ్ళకి ఒక ఊరుందని, మిగతా తొమ్మిది నెలలుంటాయని ఒక్కసారీ అనుకోలేదు.

నాలుగో రోజు గురించే అసలు రాయాలనుకున్నాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. గేదె కొమ్ములు, ఆవు కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు, పెన్ను స్టాండ్లు చేస్తారు. పెదనాన్న దగ్గర ఒకప్పుడు చదువుకున్న ఒకాయన ఇప్పటికీ ఇంటి వసారాలో ఈ పని చేస్తున్నాడు, యాభై దాటుంటాయి. "మేస్టారి పాపేనా? కూకో అమ్మా" అని పీట వేశాడు.

కుంపటి మీద కొమ్ముని నూనె రాసి తిప్పుతూ వెచ్చబెడుతున్నాడు, జుట్టు కాలినట్టు వాసన. కొమ్ము కూడా మన గోరు, జుట్టు లాంటి పదార్థమే కాబట్టి ఆ వాసన వస్తుంది. వేడెక్కితే మెత్తబడుతుంది, అప్పుడు వంకర తీసి రెండు చెక్కల మధ్య బిగిస్తాడు. బిగించాక ఏం చేస్తాడా అని చూస్తుంటే చేతులు తుడుచుకుని టీ తాగడానికి లేచాడు. అరగంట తర్వాత కూడా చెక్కలు విప్పలేదు. నాకు ఆగలేదు, ఇంకా ఎంతసేపని అడిగేశాను.

"సల్లారాలి కదమ్మా. ఏడి మీద ఇప్పితే మళ్ళీ పాత వంకరకే పోద్ది."

మరి ఈలోపు ఇంకో కొమ్ము వెచ్చబెట్టొచ్చుగా అన్నాను. ఒకప్పుడు అలాగే నాలుగైదు ఒకేసారి పెట్టేవాడట, ఒకదాని మీద చూపుంటే ఇంకోటి ఎక్కువ కాగి లోపల పొరలు చీలేవట. ఆ చీలిక అప్పటికి కనిపించదు, రెండు రోజులు ఆకురాయితో రాసి, ఉప్పు కాగితం పట్టి, కొంగ మెడ సన్నగా తీశాక అప్పుడు అక్కడే విరుగుతుంది. దీపాలు పెట్టాక కూడా పని పట్టడు, బల్బు వెలుగులో ఆ సన్నటి గీత కళ్ళకి ఆనదు. "రెండ్రోజుల పని పోయినాక ఏడవడం కంటే సందేళకి ఆపీడం నయం" అన్నాడు. డిసెంబరు రాత్రి నేను తప్పు కొట్టిన ఆ ఖాతా నంబరు నా కళ్ళ ముందుకొచ్చింది.

మాటల్లో తెలిసింది, ఆయనకి మెరుగు పెట్టే మోటారు ఒకటి కావాలి. అంతా చేత్తో రుద్దడంతో భుజం పట్టేస్తోంది. లోను అడుగుదామనుకుంటే, మధ్యలో ఒకతను ఇంటి కాయితాలు తాకట్టు పెట్టాలన్నాడట, ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిది, అక్కడితో ఆగిపోయాడు. రెండేళ్ళయింది.

ఇది నా పని. ముద్ర పథకంలో శిశు లోను అని ఉంటుంది, యాభై వేల వరకు, దానికి తాకట్టు అక్కర్లేదు. 2015 నుంచి ఉంది. నేను ఇలాంటి ఫైళ్ళు ఎన్ని చేశానో నాకే లెక్క లేదు, మా దగ్గర అదొక టార్గెట్, బోర్డు మీద ఒక అంకె. పీట మీంచి దిగి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను. మోటారు ధర, నెలకి ఎన్ని కొంగలు, ఎన్ని రొయ్యలు, షాపువాళ్ళు ఎంతిస్తారు, కొమ్ములు ఎంతకి వస్తాయి, అన్నీ అడిగి పెదనాన్న కాగితాల దస్తాలోంచి తెచ్చిన కాగితం మీద రాశాను. చిన్న వ్యాపారాల పేరు ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదని రెండుసార్లు చెప్పాను. వాళ్ళమ్మాయి ఫోన్‌లో అక్కడే చేసి చూపించాను. వాయిదా ఎంత పడుతుందో లెక్క వేసి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "వానాకాలం అమ్మకాలుండవు, అప్పుడెలా కట్టాలి?" అని అడిగాడు. అంత మంచి ప్రశ్న మా ఫారాల్లో ఎక్కడా లేదు. ఇద్దరం కలిసి చిన్న మొత్తానికి, ఎక్కువ నెలలకి లెక్క మార్చాం. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది, ఆకలి కూడా తెలియలేదు.

మోటారు తీసుకుంటాడో లేదో అప్పుడే ఏమీ చెప్పలేదు, ఇంట్లో మాట్లాడాలన్నాడు. మాట్లాడాలి కూడా. నేను లేచేటప్పుడు చెక్కలు విప్పాడు. కొమ్ము తిన్నగా ఉంది.

పద్నాలుగేళ్ళలో ఈ పని నాకు ఇంత ఇష్టమని నాకు తెలియలేదు. పని మానేసి ఏదైనా చిన్న ఊళ్ళో ఉండిపోవాలని వెళ్ళేముందు చాలాసార్లు అనుకున్నాను, బండిలో కూడా అనుకున్నాను. పని మానక్కర్లేదనిపించింది. అందులోంచి మనిషి ఎప్పుడు తప్పిపోయాడో చూసుకోవాలి, రాత్రి పదకొండుకి చేసే భాగం మానెయ్యాలి.

పెద్దమ్మకి ఆ రాత్రి అంతా చెప్పాను, డిసెంబరు సంగతి కూడా. ఆవిడ విని, "ఆ పెద్దాయన మళ్ళీ కనిపించాడా?" అంది. లేదన్నాను. "వెళ్ళి కనిపించు మరి" అంది, అంతే, దోమతెర దించేసింది.

తిరిగొచ్చిన సోమవారం మా మేనేజరుతో మాట్లాడాను. రాత్రి ఎనిమిది తర్వాత ఫైళ్ళు చూడనని, పొద్దున్న అరగంట ముందే వస్తానని, డిసెంబరులో జరిగింది మళ్ళీ జరగకూడదంటే ఇదొక్కటే దారి అని చెప్పాను. గొంతు వణికింది. ఆయన వెంటనే సరే అనలేదు, నెలాఖరుదాకా చూద్దామన్నారు. గ్రూపు ఇప్పటికీ రాత్రి మోగుతుంది, నేను పొద్దున్న చూస్తున్నాను. కొన్ని రాత్రులు ఇంకా రెండింటికి మెలకువ వస్తోంది.

పెన్షన్ పెద్దాయన ఇంటికి ఆదివారం వెళ్ళొచ్చాను, కాఫీ ఇచ్చారు.

మొన్న ఒకావిడ కుట్టు మిషను లోను కోసం వచ్చింది, ఫారం చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. నేను కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని కూర్చున్నాను. ఆధార్ తీయబోతుంటే, అది తర్వాత ఇద్దురుగాని, ముందు ఏం కుడతారో చెప్పండమ్మా అన్నాను.