పెట్టను ఇచ్చే ముందు అడిగే ప్రశ్నలు

2024లో సంక్రాంతికి ఊరికి వెళ్లి అమెరికాలోని ఒహాయోకు తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, నాతో గిడ్డంగిలో పనిచేసే ఒక పెద్దాయన మాట మీద, బక్‌ఐ జాతి కోళ్లను పెంచే ఆయన అక్కగారి పొలానికి, ఒక పెట్టను అడుగుదామని వెళ్లాను. ఆవిడ గేటు దగ్గరే నన్ను నిలిపి, ఈ మధ్య ఎక్కడైనా కోళ్లను ముట్టుకున్నారా అని అడిగారు. వింజమూరులో మా మామయ్య డేగ పుంజును చంకన పెట్టుకుని ఊరంతా తిరిగిన సంగతి నేను సంబరంగా చెప్పాను. అయితే ఈసారికి లోపలికి రావద్దని, కొన్ని వారాలు ఆగి వేరే చెప్పులు వేసుకుని రమ్మని, ఈలోగా కొన్ని ప్రశ్నలు పంపుతాను, జవాబులు రాసి పెట్టమని చెప్పి ఆవిడ వెనక్కి తిరిగారు.

గుమ్మం దాకా వచ్చినవాడికి మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేయడం మన వైపు పగవాడికి కూడా జరగదు. మా ఊరి కోడికి రోగం అంటగట్టినట్లు నాకు తల తీసేసినంత పనయింది. ఆ ఫిబ్రవరిలోనే మా నెల్లూరు జిల్లాలో పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిందని వార్తల్లో చూశాక ఆవిడ జాగ్రత్త అర్థమైంది. అయినా 2022 నుంచి కోట్ల కోళ్లను చంపి పూడుస్తున్నది వాళ్ల దేశమే కదా అనే ఉక్రోషం మాత్రం పోలేదు.

అసలు ఆ ప్రశ్నలే నన్ను ఎక్కువ నొప్పించాయి. ఎన్ని గూళ్లు కట్టారు, పుంజులను వేర్వేరుగా ఉంచే చోటు ఉందా, మిగిలిన పుంజులను కోసుకుని తినగలరా లేక జాలిపడి అన్నింటినీ పెంచుతారా, ఏ పెట్ట గుడ్డు ఏ పిల్ల అయిందో పుస్తకంలో రాస్తారా అని అడిగారు. చివరి ప్రశ్న, పందేలకా అని. ఇక్కడ ఉద్యోగంలో చేరినా, ఇల్లు అద్దెకు తీసుకున్నా ముందు కాగితాలు నింపాలి, అది అలవాటైపోయింది. కోడిపెట్ట కోసం కూడా నేను ఎలాంటివాణ్నో రాసి ఇవ్వాలంటే మనసు ఒప్పలేదు. మా మామయ్య దగ్గరికి ఎవరైనా వస్తే ఆయన అడిగేది ఒక్కటే, ఎవరి అబ్బాయివి అని. ఆ జవాబులోనే అన్నీ ఉంటాయి. పుంజునైతే బేరం కుదిరితే ఎవరికైనా ఇస్తారు, జాతి పెట్టను మాత్రం నమ్మకమైన ఇంటికి, పిల్లల్లో వాటా మీద, పాలికి ఇస్తారే తప్ప అమ్మరు. ఒహాయోలో నేను ఎవరి అబ్బాయినో చెప్పినా ఎవరికి తెలుస్తుంది?

వాళ్ల ఆదుర్దాకు కారణం లేకపోలేదు. ఇక్కడ 1918 నుంచి ఒకరోజు పిల్లలను తపాలాలో పంపుతున్నారు. గుడ్డు పగిలి బయటికి వచ్చే ముందు కడుపులోకి లాక్కున్న పచ్చసొన బలంతో అవి దాదాపు మూడు రోజులు మేత లేకుండా బతుకుతాయి. ఏ జాతి పేరు చెప్పినా పెద్ద హేచరీలు పంపిస్తాయి గానీ, అక్కడ ఎక్కువగా చూసేది పిల్లల సంఖ్యనే కాబట్టి, తరాలు గడిచే కొద్దీ పేరు మిగిలి కోడి మారిపోతుంది. అరుదైన జాతుల జాబితా తయారుచేసే లైవ్‌స్టాక్ కన్జర్వెన్సీ, దేశం మొత్తం మీద 500 కంటే తక్కువ సంతానోత్పత్తి కోళ్లు మిగిలిన జాతులను అతి ప్రమాదపు వరుసలో పెడుతుంది. అలాంటి చోట ఒక మంచి పెట్ట అజాగ్రత్తపరుడి చేతిలో పడితే నష్టం ఒక్క పెట్టతో ఆగదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ బూట్లను మందునీళ్లలో ముంచమని చెప్పి, లోపలికి తీసుకెళ్లి ఒక పెట్టను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ముదురు ఎరుపు ఈకలను వేలితో పాయగా తీసి, వీపు మీద చర్మానికి దగ్గరగా ఉన్న నూగులో పలకరంగు చారను చూపించారు. రోడ్ ఐలాండ్ రెడ్ అనే మరో ఎర్ర జాతితో కలిసిపోయిన కోళ్లలో తాను ముందుగా వెతికేది దీన్నేనన్నారు. దాని నెత్తి మీది ఎర్ర జుట్టు మన పందెం కోడి జాతి అసీలుకు ఉన్నట్లే తలకు అంటుకుని పొట్టిగా ఉంది. ఈ జాతిని ఇదే రాష్ట్రంలోని వారెన్‌లో నెటీ మెట్కాఫ్ అనే మహిళ తయారుచేశారని ఆవిడ గర్వంగా చెబితే, మీరు రోజూ తినే బ్రాయిలర్‌లోని కార్నిష్ జాతి రక్తం మా అసీలు నుంచే వచ్చిందని, ఇంగ్లండులో దాన్ని ఇప్పటికీ ఇండియన్ గేమ్ అనే పిలుస్తారని నేను ఊరుకోలేక అన్నాను. ఆవిడ నవ్వి, మరి మీ అసీలు పెట్టల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది అని అడిగారు.

ఆవిడ గూళ్లు మూడు. ఆడపిల్లలు పుట్టిన గూటిలోనే ఉంటాయి, పుంజులు మాత్రం పక్క గూటికి ఇల్లరికం వెళతాయి. అలా దగ్గరి రక్తం త్వరగా కలవకుండా ఏళ్ల తరబడి జాతి నడుస్తుంది. ఏ పిల్ల ఏ గూటిదో తెలియడానికి పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న బెజ్జం వేస్తారు. రెండు కాళ్లకూ కలిపి నాలుగు పొరలు ఉంటాయి కాబట్టి 16 రకాల గుర్తులు పెట్టవచ్చు.

చివరికి ఆవిడ ఒక పుంజునూ రెండు పెట్టలనూ ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. వచ్చే ఏడాది పుట్టే పిల్లల్లో మంచి పుంజును ఆవిడే ఎంచుకుని తీసుకుంటారని కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం. ఇదేదో మన పాలికి ఇవ్వడమే కదా అని నాకు ఆనందమేసింది, కాగితం ఒక్కటే అదనం.

ఆ ఉత్సాహంతో మామయ్యకు ఫోన్ చేసి, ఈసారి పొదిగించే పిల్లలకు గుర్తులు వేయించమన్నాను. వీధుల్లో వనరాజా, గ్రామప్రియ లాంటి సంకర కోళ్లు తిరుగుతున్న కాలంలో ఏది జాతి పిల్లో ఎలా తెలుస్తుందని అడిగాను.

"నాకు కళ్లున్నాయి గదా, చూస్తే తెలియదా? పసిపిల్ల కాలికి బెజ్జం వేసేదేంది నాయనా, పాపం గాదా?" అన్నాడు.

ఏటా ఆ కాలికే కత్తి కట్టించే మనిషి.