మిగిలినవాళ్ళు

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున మావాడి ఆట 14–2తో పోయింది. వాడికి పదేళ్ళు. బేస్‌బాల్ మొదలుపెట్టి ఇది రెండో వేసవి. ఇవాళే మొదటిసారి కోచ్ వాణ్ణి పిచ్చర్‌గా, అంటే బంతి వేసేవాడిగా నిలబెట్టాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే అవతలి పిల్లలు వరసపెట్టి బాదేసరికి, వీడే కోచ్ దగ్గరికెళ్ళి నన్ను తీసెయ్యండి అని అడిగాడు. ఆ తర్వాత టోపీ మొహం మీదికి లాక్కుని బెంచీ మీద కూర్చుండిపోయాడు. కారెక్కాక "నాన్నా, వచ్చేవారం నేను రాను" అన్నాడు. ఆ మాట గొంతులోనే తడబడింది. జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఇంటిదారి పట్టకుండా కారు క్లీవ్‌లాండ్ వైపు తిప్పాను.

లెక్సింగ్టన్ అవెన్యూ, తూర్పు 66వ వీధి కలిసే మూల మీద లీగ్ పార్క్ అనే పాత బేస్‌బాల్ మైదానం ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక్కణ్ణే వచ్చి చూశాను, వీడికి కాస్త ఊహ తెలిశాక తీసుకురావాలని అప్పుడే అనుకున్నాను. పాత ఎర్ర ఇటుకల టికెట్ భవనం, గోడ ముక్కా మిగిలాయి. ఆ కట్టడం 1910లో స్టేడియం తిరగకట్టినప్పటిది. నేల మాత్రం 1891 నుంచీ అదే నేల. మొదటి ఆటలో ఇక్కడ బంతి వేసినవాడు సై యంగ్, ఆ కాలపు గొప్ప పిచ్చర్. 2014లో ఊరివాళ్ళు మైదానాన్ని బాగుచేసి, బ్యాట్ పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్‌ని పాతచోటే పెట్టారు. ఇప్పుడక్కడ ఎవరైనా వెళ్ళి ఆడుకోవచ్చు. మేం వెళ్ళేసరికి ఇద్దరు కుర్రాళ్ళు బంతి విసురుకుంటున్నారు.

మెట్ల మీద కూర్చుని పొద్దున చేసుకెళ్ళిన పులిహోర తిన్నాం. తింటూ వాడికి 1899 సంగతి చెప్పాను.

అప్పట్లో క్లీవ్‌లాండ్ జట్టు పేరు స్పైడర్స్. ఆటగాళ్ళు సన్నగా, పొడుగు చేతులూ కాళ్ళతో సాలెపురుగుల్లా ఉండేవాళ్ళని ఆ పేరు. మంచి జట్టు, 1895లో టెంపుల్ కప్ గెలిచింది, లీగ్‌లో మొదటి రెండు స్థానాల జట్లు ఆడుకునే పోటీ అది. యజమానులు రాబిసన్ అన్నదమ్ములు, ఫ్రాంక్, స్టాన్లీ. ఫ్రాంక్‌ది ట్రామ్ కార్ల వ్యాపారం. తన ట్రామ్ లైన్లు కలిసేచోటే మైదానం కట్టించాడు, ఆట చూడ్డానికొచ్చే జనం తన బండే ఎక్కుతారని. అక్కడిదాకా తప్పేమీ లేదు. 1899 మొదట్లో అప్పుల్లో మునిగి వేలానికొచ్చిన సెయింట్ లూయిస్ జట్టుని కూడా వాళ్ళే కొన్నారు. ఒకే లీగ్‌లో రెండు జట్లు, రెంటికీ వాళ్ళే యజమానులు. ఆ రోజుల్లో దాన్ని ఆపే నిబంధన లేదు. సెయింట్ లూయిస్‌లో జనం ఎక్కువ వస్తారని సై యంగ్‌నీ, బ్యాట్‌తో బాగా కొట్టే జెస్సీ బర్కెట్‌నీ, పనికొచ్చే మిగతావాళ్ళందర్నీ అక్కడికి పంపేశారు. రెండు ఊళ్ళలో పొలాలున్న ఆసామి, ఈ పొలానికొచ్చే కాలవకి గండికొట్టి నీళ్ళన్నీ ఆ పొలానికి మళ్ళించుకున్నట్టు. ఇక్కడి పైరు ఎండుతుందని వాళ్ళకి తెలుసు. తెలిసే చేశారు.

ఏప్రిల్ 15న మొదటి ఆట. అవతల ఉన్నది సెయింట్ లూయిసే. బంతి వేస్తున్నవాడు సై యంగ్, కిందటేడాది దాకా ఈ జట్టువాడే. స్పైడర్స్ 10–1తో ఓడిపోయారు.

ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 ఆటలు. వీళ్ళు ఏప్రిల్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా 154 ఆడారు. 20 గెలిచారు, 134 ఓడారు. మధ్యలో ఒకసారి వరసగా 24 ఓడారు. చివరి 41 ఆటల్లో ఒక్కటే గెలిచారు. కొట్టిన పరుగులు 529, ఇచ్చినవి 1,252. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం, పదకొండోదానికి కూడా అందనంత దూరంలో. ఇన్నేళ్ళయినా మేజర్ లీగ్, అంటే అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి ఆటల చరిత్రలో ఒక సీజన్‌లో ఇంతకన్నా ఎక్కువ ఓడిన జట్టు లేదు.

అన్ని ఓటములకన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్న అంకె ఇంకోటి ఉంది. సొంత ఊళ్ళో ఆడిన 42 ఆటలకీ కలిపి వచ్చిన జనం 6,088. అంటే ఆటకి 145 మంది. మా ఊళ్ళో బడి వార్షికోత్సవానికి అంతకు నాలుగింతలు వచ్చేవాళ్ళు. టికెట్ డబ్బుల్లో వాటా రైలు ఖర్చుకీ హోటల్‌కీ కూడా చాలదని బయటి జట్లు క్లీవ్‌లాండ్ రావడం మానేశాయి. దాంతో స్పైడర్సే వాళ్ళ ఊళ్ళకి తిరిగారు. పరాయి ఊళ్ళలో 112 ఆటలు, అందులో 101 ఓటములు. రైల్లో పడుకోవడం, దిగడం, ఓడడం, మళ్ళీ రైలెక్కడం. పత్రికలవాళ్ళు దేశదిమ్మరులని, ప్రవాసులని పేర్లు పెట్టారు.

మొదట్లో కెప్టెన్ లేవ్ క్రాస్. బాగా ఆడుతున్నాడని జూన్‌లో అతన్నీ సెయింట్ లూయిస్‌కి లాగేసుకున్నారు. ఆ తర్వాత బాధ్యత జో క్విన్ మీద పడింది. ఆస్ట్రేలియాలో పుట్టి మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి మనిషి అతనే. ఆట లేని రోజుల్లో చనిపోయినవాళ్ళ అంత్యక్రియలు జరిపించడం అతని వృత్తి. తన చేతికొచ్చాక జట్టు 12 గెలిచి 104 ఓడింది. అయినా తను మాత్రం బ్యాట్ పట్టి .286 సగటుతో ఆడాడు. అంటే వంద అవకాశాలకి దాదాపు ఇరవై తొమ్మిదిసార్లు కొట్టి బేస్ చేరాడన్నమాట. ఏ జట్టులోనైనా తలెత్తుకునే లెక్క అది. జిమ్ హ్యూయీ అనే పిచ్చర్ 4 గెలిచి 30 ఓడాడు. మళ్ళీ మళ్ళీ పిలిచారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి వేశాడు, 283 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో మామూలుగా ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్).  

చెబుతుంటే మా ఊరి వాలీబాల్ జట్టు గుర్తొచ్చింది. ఇంటర్ రెండో ఏడు, సంక్రాంతి టోర్నమెంట్. మాలో స్మాష్ కొట్టేవాణ్ణీ, వాడికి బంతి లేపేవాణ్ణీ పక్క ఊరి పెద్దమనిషొకాయన బట్టలూ, బూట్లూ, దారి ఖర్చులూ ఇచ్చి తన జట్టులో కలిపేసుకున్నాడు. వాళ్ళని తప్పుపట్టను, బూట్లు వాళ్ళకీ అవసరమే. మిగిలిన నలుగురం ఇంకో ఇద్దర్ని వెతుక్కుని వెళ్ళాం. 15–3, 15–2. మైదానం చుట్టూ మా ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. మా నాన్న మాత్రం సైకిల్ చెట్టుకి ఆనించి ఆట అయిపోయేదాకా నిలబడ్డాడు. ఎవరితోనూ చెప్పని సంగతి ఇది, ఇవాళ వాడికి చెప్పాను. "తాతయ్య నిన్ను తిట్టాడా?" అని అడిగాడు. తిట్టలేదు, సైకిల్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళి చెరుకురసం ఇప్పించాడు.

ఇంతా చేసి రాబిసన్ అన్నదమ్ములకి దక్కిందేమిటి? 1898లో క్లీవ్‌లాండ్ 81 గెలిచి అయిదో స్థానంలో నిలిచింది. ఆ మనుషుల్నే సెయింట్ లూయిస్‌లో పెడితే 84 గెలిచి, మళ్ళీ అయిదో స్థానమే. ఒక ఊరి ఆటని చంపి సంపాదించింది ఆ మూడు గెలుపులు. అదే ఏడు బ్రూక్లిన్, బాల్టిమోర్ జట్లకీ యజమానులు ఒకరే. వాళ్ళు బాల్టిమోర్ నుంచి కొందరు మంచి ఆటగాళ్ళని బ్రూక్లిన్‌కి తెచ్చుకుని ఛాంపియన్లు అయ్యారు. మరుసటి ఏడాది లీగ్ పన్నెండు జట్లని ఎనిమిదికి కుదించి క్లీవ్‌లాండ్‌నీ, బాల్టిమోర్‌నీ, ఇంకో రెంటినీ తీసేసింది. నూట పాతికేళ్ళు దాటినా నాకు దీనిమీద కోపం తగ్గదు. ఓడినవాళ్ళ పేర్లు రికార్డు పుస్తకంలో వెక్కిరింతగా మిగిలాయి. తీసుకెళ్ళినవాళ్ళు చేసిన పనికి మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు.

ఆ ఆటగాళ్ళు సీజన్ అయ్యాక తమలో తాము చందా వేసుకుని, జట్టుతో తిరిగిన కార్యదర్శి జార్జ్ మ్యూర్‌కి వజ్రం పొదిగిన లాకెట్ ఇచ్చారట. మా ఆటలన్నీ కూర్చుని చూసిన మనిషి మీరేనని. ఇది చెప్పినప్పుడు మావాడు మొదటిసారి నవ్వాడు. నాకైతే ఇది చదివినప్పుడల్లా గొంతుకి అడ్డం పడుతుంది.

చివరి ఆట అక్టోబర్ 15న సిన్సినాటిలో. బంతి వెయ్యడానికి, దిగిన హోటల్లో సిగార్లు అమ్మే కుర్రాణ్ణి పిలిచారు. పేరు ఎడ్డీ కోల్బ్. 19–3తో ఓడారు. అతను మేజర్ లీగ్‌లో ఆడింది ఆ ఒక్క ఆటే.

మావాడు చేతిలో గులకరాయి తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"మధ్యలో తీసెయ్యమని అడగలేదా?"

"లేదు. ఆట అయిపోయేదాకా అతనే వేశాడు."

"పంతొమ్మిది రన్స్ ఇచ్చినా?"

"ఇచ్చినా."

"చెయ్యి నొప్పెట్టదూ?"

"పెట్టే ఉంటుంది."

లేచి వెళ్ళి పిచ్చర్ నిలబడేచోట నించున్నాడు. నేను గ్లవ్ తొడుక్కుని హోమ్ ప్లేట్ వెనక కూర్చున్నాను. ఎన్ని వేశాడో లెక్కపెట్టలేదు. సగం నా తలమీదుగా పోయాయి. అలసిపోయాక వాడే చాలన్నాడు.

ఇందాక భుజం లాగుతోందని మూలిగితే మా ఆవిడ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మర్దన చేసింది. ఆవిడ చెయ్యి తీసేలోపే నిద్రపోయాడు.