పైకి చూసి మోసపోయాను

1996 నవంబరు తుపానుకు కొబ్బరి తోట నేలమట్టమైతే మా నాన్నగారు మళ్ళీ మొక్కలు తెచ్చి నాటారు. కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలో ఎకరం నేల, అరవై చిల్లర చెట్లు. ఆయన పోయాక తోట నా చేతికి వచ్చింది. ఉద్యోగం రాజమహేంద్రవరంలో. దింపు, అంటే కాయలు దించే పని, ఉన్న రోజున వెళ్ళడం, గట్టు మీద నిలబడి తల ఎత్తి చూడడం, డబ్బు లెక్క చూసుకుని బస్సెక్కడం, ఇదీ నా వ్యవసాయం.

అలా చూసే నాకు రెండు విషయాలు బాగా తెలుసు. విప్పుకున్న మట్ట విసనకర్రను కత్తెరతో కోసినట్టు కనిపిస్తే మొవ్వులో, అంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత చిగురులో, కొమ్ము పురుగు పడిందని అర్థం. కింది అరటి ఆకులు మసి పూసినట్టు నల్లబడితే పైన కొబ్బరాకు అడుగున తెల్లదోమ ఉన్నట్టే. అందుకే నీటి బోదె పక్కన ఉన్న చెట్టుకు కింది మట్టలు పసుపుబారి, కాండాన్ని అంటుకుని వేలాడుతుంటే నాకు భయం వేయలేదు. మొవ్వు పచ్చగానే ఉంది, పురుగు జాడ లేదు. ఎరువుల దుకాణంలో అడిగితే బలం చాలలేదన్నారు, యూరియా ఇచ్చారు. వేశాను, తోటంతా దున్నించాను, ఆ పాదులోంచే పక్క పాదులకు నీళ్ళు పారించాను. చేయకూడని పనులు మూడూ వరసగా చేశానన్నమాట.

తరువాతి దింపుకు ఆ చెట్టు గెలలో పదికి మించి కాయలు లేవు. దింపు తీసే పెద్దాయన చెట్టు ఎక్కకుండా దాని మొదలు దగ్గరే కూర్చుండిపోయాడు. "బాబుగారూ, పైన ఏముందండి చూడడానికి? ఇటు చూడండి" అన్నాడు. నేలకు జానెడు ఎత్తున కాండం పగులులోంచి ఎర్రగా, చిక్కగా బంక కారి, కింద ఎండి నల్లటి చారలు కట్టింది. ఆ చారలను నేను అంతకు ముందే చూశాను. వానకు పట్టిన మరక అనుకున్నాను. ఆయన కత్తి మడమతో కాండాన్ని తట్టాడు. పక్క చెట్టు గట్టిగా పలికింది, ఇది డొల్లగా పలికింది.

మర్నాడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. చూసిన ఆవిడ ఒకే ప్రశ్న వేశారు: "చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగు లాంటిది వచ్చిందా అండి?" అప్పటికి రాలేదు. గానోడెర్మా తెగులు అన్నారు. మట్టిలోని శిలీంధ్రం వేళ్ళను కుళ్ళబెట్టి కాండంలోకి ఎక్కుతుంది, ఆకు పసుపుబారేసరికి లోపల చాలా భాగం పోయి ఉంటుంది. వేరు నుంచి వేరుకు పాకుతుంది కాబట్టి దున్నకూడదు, ఆ పాదు నీరు ఇంకో పాదుకు పోకూడదు. నేను యూరియా ముచ్చట చెప్పలేదు.

ఆ చెట్టును కొట్టించి, మొదలును వేళ్ళతో సహా తవ్వి కాల్చాం. కోసిన చోట చుట్టూ గట్టిగానే ఉంది, నడుమ మాత్రం తడి పొట్టులా వేలికి వచ్చేసింది. చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయించాను. పక్క చెట్లకు వేపపిండి అయిదేసి కిలోలు, అందులో తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా 50 గ్రాములు కలిపి వేశాం.

బంక కనిపించిన మరో రెండింటికి వేరు ద్వారా మందు. చెప్పడం తేలికే. పెన్సిలంత లావున్న బతికిన వేరు కోసం మట్టిలో గంటసేపు తడుముకున్నాను. ఎండిన వేరు మందు తాగదు. దొరికినదాన్ని ఏటవాలుగా కోసి, 100 మి.లీ. నీటిలో 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రాల మందు కలిపిన పాలిథిన్ సంచిలో దించి, దారంతో కట్టాలి. మూడు నెలలకొకసారి ఇదే పని. ముందే దింపు తీసేయాలి, తరువాత 45 రోజులు కాయ ముట్టకూడదు. ఆ ఆదాయం పోయినందుకు మా ఆవిడ ఇప్పటికీ నాకేసి అదోలా చూస్తుంది.

ఇప్పుడు నేను వెళ్ళగానే చెప్పులు విడిచి, చెట్టు చెట్టుకీ మొదట్లో కూర్చుంటాను. బంక ఉన్నదానికి సున్నంతో బొట్టు పెడతాను. మొత్తం మూడు బొట్లు. రెండు చెట్లకు చారలు ఎండాయి, కొత్తగా కారడం లేదు. తరువాత బయటపడిన మూడోదాని సంచి నిన్న కట్టాను. పొద్దున్న వెళ్ళి చూస్తే మందు అంతా అలాగే ఉంది. ఇంకో వేరు వెతకాలి.