1921 దగ్గర మైనస్

ఈరోజు మూడో పీరియడ్‌లో పదో తరగతి బి సెక్షన్‌ని కంప్యూటర్ ల్యాబ్‌కి తీసుకెళ్లాను. సోషల్ టీచర్ ల్యాబ్ తాళం అడిగితే మా స్టాఫ్‌రూంలో ఇప్పటికీ అందరూ ఓసారి తలెత్తి చూస్తారు. లెక్కల సార్ అడిగితే ఎవరూ పట్టించుకోరు. "క్లాసులో డిజిటల్ ప్యానెల్ మీద వీడియో వేసేయొచ్చుగా మేడం" అని సలహా కూడా వచ్చింది. వేయొచ్చు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, నాకు గొంతు మిగులుతుంది. కానీ వీడియో అయిపోయాక ఒక్కరూ ప్రశ్న అడగరు.

పాఠం జనాభా. పనిచేసే సిస్టంలు తక్కువ కాబట్టి ఒక్కోదాని దగ్గర నలుగురు. ఒకరు టైప్ చేయడం, ఒకరు అంకెలు చదవడం, మిగతా ఇద్దరు తప్పులు పట్టడం. ఆ చివరి పని కోసమే కొట్లాట. 1901 నుంచి 2011 దాకా దేశ జనాభా కోట్లలో బోర్డు మీద రాశాను: 23.84, 25.21, 25.13, 27.90... చివర 121.09. ఇవి ఇప్పటి సరిహద్దులకి సర్దిన లెక్కలని ముందే చెప్పేశాను. లేకపోతే పాకిస్తాన్ వాళ్లని కూడా కలిపారా అని అడిగేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు, అడగాల్సిన ప్రశ్నే అది. పక్క వరుసలో పదేళ్ల వృద్ధి శాతం రావాలి. ఒక గడిలో ఫార్ములా వేసి, మూల పట్టుకుని కిందికి లాగితే మిగతావి వాటంతటవే నిండిపోవడం వాళ్లకి భలే సరదా. (అది లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మా స్కూల్లో మాత్రం గడులున్న ప్రతిదీ ఎక్సెలే.)

5.75 వచ్చింది. దాని కింద -0.32. ఆ తర్వాత 11.02.

"మేడం, మాది తప్పొచ్చింది, మైనస్ పడింది." కిటికీ పక్క బ్యాచ్. వెనకనుంచి ఇంకొకరు, "మాకూ అంతే." నేనేమీ మాట్లాడలేదు. మళ్లీ టైప్ చేశారు, పక్క సిస్టంలోకి తొంగిచూశారు, నా చేతిలోని జనగణన పట్టిక లాక్కుని సరిచూశారు. మైనసే. పట్టికలో -0.31 ఉంటే మనకి -0.32 ఎందుకొచ్చింది అని ఒక పిల్ల పట్టుకుంది. కోట్లలోకి కుదించి రెండు దశాంశాలకే ఆపాం కదా, పూర్తి సంఖ్యలు వేసి చూడమన్నాను. 25,20,93,390, 25,13,21,213 కొట్టింది. -0.31 వచ్చింది. ఆ పిల్ల లెక్కల్లో అంతంతమాత్రం అని స్టాఫ్‌రూంలో అంటుంటారు. నాకలా అనిపించలేదు.

1921ని మహా విభాజక సంవత్సరం, అంటే జనాభా ఇక తగ్గకుండా పెరగడం మొదలైన ఏడాది, అంటారని వీళ్లందరికీ తెలుసు, బిట్‌గా బట్టీ పట్టారు. పట్టినప్పుడు ఒక్కరూ ఎందుకని అడగలేదు. తమ చేత్తో లాగిన ఫార్ములాలో మైనస్ పడేసరికి "ఎందుకు తగ్గారు మేడం?" అన్నారు. గ్రాఫ్ గీయించినా ఇది కనబడేది కాదు. తర్వాత గీయించి చూశాను కూడా. 121 కోట్ల దాకా ఎక్కే గీతలో ఆ పదేళ్లూ చదునుగా ఉంటాయి, అంతే.

అప్పుడు 1918 చెప్పాను. సైనికుల ఓడల్లో బొంబాయి రేవుకి చేరిన ఇన్‌ఫ్లుయెంజా. జూన్‌లో ఒక విడత, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండోది. ఎక్కువ ప్రాణాలు తీసింది ఆ రెండోదే. ఆ ఏడాది వానలు ముఖం చాటేశాయి, పంటల్లేవు, ధరలు మండిపోయాయి. తిండిలేని ఒంటి మీద జ్వరం. మన దేశంలోనే కోటికి పైగా చనిపోయారని అంచనా. "కరోనా లాగానా మేడం?" అన్నాడొకడు. కరోనాలో ముసలివాళ్లు ఎక్కువగా పోయారు, 1918 ఫ్లూ ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లని పట్టుకుంది, అందులోనూ ఆడవాళ్లని ఎక్కువ అన్నాను. "జ్వరమొచ్చిన వాళ్లందరికీ చాకిరీ చేసేది వాళ్లేగా" అంది ముందు వరుస పిల్ల. నేను చెప్పబోయే కారణాల్లో అదొకటి.

వెంటనే లింగ నిష్పత్తి (వెయ్యి మంది మగవాళ్లకి ఎంతమంది ఆడవాళ్లు) వరుస కూడా కలుపుతామన్నారు. 1901లో 972, 1911లో 964, 1921లో 955. చూశారా ఫ్లూ అని అరిచారు. ఆగండి, కిందికి వెళ్లండి అన్నాను. 950, 945. ఫ్లూకి ముందూ తగ్గింది, తర్వాతా తగ్గింది. రెండు వరుసలు పక్కపక్కన పడితే చాలు, ఒకటి రెండోదానికి కారణం అనేసుకుంటాం. పిల్లలే కాదు, టీవీలో చర్చలు పెట్టే పెద్దలు కూడా.

ఈలోగా ఒక బ్యాచ్ లాగే ఊపులో 2031 దాకా లాగేసింది. 2021 ఎదురుగా జనాభా గడి ఖాళీ కాబట్టి వృద్ధి -100 వచ్చింది, దాని కింద ఎర్రర్. "దేశమంతా పోయింది మేడం!" ల్యాబంతా నవ్వులు. జనగణన 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా జరిగింది, ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లో కూడా జరిగింది, 2021లోనే కరోనా వల్ల ఆగింది, ఇప్పుడు 2027 అని తేదీ పెట్టారు అని చెప్పాను. ఈసారి కాగితాలు కాదు, మొబైల్ యాప్. ఇళ్లకి తిరిగేది మాలాంటి టీచర్లే అంటే మాత్రం వాళ్లు నన్ను కొంచెం జాలిగా చూశారు.

"సెల్‌లో వెతికితే 140 కోట్లకి పైనే అని వస్తుంది, అది పెట్టేద్దామా?" అని ఒకడు. అది అంచనా, ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టింది కాదు అని ఇంకొకడు. పెడితే వేరే రంగులో పెట్టాలని మూడో వాడు. బెల్ కొట్టినా ఆ రంగు గురించే వాదన. చివరికి పసుపు వేశారు. ఫైల్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. రేపు ఎ సెక్షన్‌కి మాత్రం ఇది చూపించను, ఖాళీ షీటే ఇస్తాను.